ఎవరి భార్య, ఎవరి తల్లి: సింగరేణి నేల మీద నాయకత్వాన్ని చదవడం

2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని గరియాబంద్ జిల్లాలో మావోయిస్టు కేంద్ర కమిటీ సభ్యుడు చలపతి ఎదురుకాల్పుల్లో చనిపోయారని వార్త వచ్చింది. ఆ వారమంతా మన పత్రికలూ ఛానళ్లూ ఒక ఫోటో చుట్టూనే తిరిగాయి. భార్య అరుణతో ఆయన దిగిన సెల్ఫీ. ఆ ఫోటో వల్లే పోలీసులు ఆయన్ని గుర్తుపట్టగలిగారనేది కథనం. దశాబ్దాల యుద్ధమంతా పక్కకు పోయి, పెళ్లాంతో ఫోటో దిగి ప్రాణం మీదికి తెచ్చుకున్న మగవాడి కథ అయి కూర్చుంది. అరుణ ఆంధ్రా ఒడిశా సరిహద్దు ప్రత్యేక జోనల్ కమిటీ సభ్యురాలన్న సంగతి ఎక్కడో చివరన ఉంది. అదే ఏడాది జూన్‌లో మారేడుమిల్లి అడవుల్లో ఆమె చనిపోయినప్పుడు కూడా ‘చలపతి భార్య’గానే వార్తయ్యారు. సెప్టెంబరులో పోతుల పద్మావతి, అజ్ఞాతంలో సుజాత, హైదరాబాదులో పోలీసుల ముందు లొంగిపోయారు. నలభై ఏళ్లకు పైబడిన అజ్ఞాత జీవితం, దండకారణ్యంలో ముఖ్యమైన బాధ్యతలు, కేంద్ర కమిటీ సభ్యత్వం. శీర్షికల్లో మాత్రం ఆమె ‘కిషన్‌జీ భార్య’. నవంబరులో హిడ్మాతో పాటు చనిపోయిన రాజే కూడా పార్టీలో బాధ్యతలున్న మనిషే. ‘హిడ్మా, ఆయన భార్య’ అన్నదాంట్లో రెండో సగంగా మిగిలారు.

ఒక్కసారి తిప్పి చదివి చూడండి. 2011 నవంబరులో పశ్చిమ బెంగాల్ అడవుల్లో కిషన్‌జీ, అంటే మల్లోజుల కోటేశ్వరరావు చనిపోయినప్పుడు ‘సుజాత భర్త మృతి’ అని ఎవరైనా రాశారా? రాస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కణ్ణించి వస్తుందో వెతకాలని నా ప్రయత్నం.

ఇది పోలీసుల భాష, పత్రికల భాష, మనకు కొత్తేం కాదు అని పక్కన పెట్టేయొచ్చు. కానీ ఉద్యమం తన గురించి తాను రాసుకున్నదాన్ని చేతిలోకి తీసుకున్నా తేడా మనం ఆశించినంత లేదు. అమరుల జీవిత చరిత్రలు, సంస్మరణ సంచికలు, కరపత్రాలు నేను చదివినంతలో ఒక పద్ధతి కనిపిస్తుంది. మగవాళ్ల కథ ఊరి దొర మీద కోపంతోనో కాలేజీలో విద్యార్థి సంఘంతోనో మొదలవుతుంది. ఆడవాళ్ల కథ చాలాసార్లు ఒక చుట్టరికంతో మొదలవుతుంది. అన్న, బావ, ప్రేమించిన మనిషి, పెళ్లి. అక్కడ ‘భార్య’ అన్న మాట ఉండదు, ‘సహచరి’ ఉంటుంది. మంచి మాటే, ఆస్తి వాసన లేని మాట. అయినా ఎవరికి సహచరి అన్న ప్రశ్న ఆ మాటలోనే ఇమిడి ఉంది. మాట మారింది గానీ వాక్యంలో ఆమె కూర్చున్న చోటు మారలేదు.

ఈ సంగతిని సింగరేణి వైపు నుంచి చూడడానికి కారణం ఉంది. ఈ దేశంలో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య నాలుగున్నర దశాబ్దాలు సాగిన యుద్ధానికి నాయకుల్ని ఇచ్చిన నేల ఇది. కిషన్‌జీ, ఆయన తమ్ముడు వేణుగోపాల్‌ది పెద్దపల్లి. 2004లో ఏర్పడిన మావోయిస్టు పార్టీకి 2018 దాకా ప్రధాన కార్యదర్శిగా ఉన్న గణపతిది జగిత్యాల వైపు బీర్‌పూర్. కటకం సుదర్శన్‌ది బెల్లంపల్లి. 1980 నవంబరులో ప్రాణహిత దాటి వెళ్లి కాల్పుల్లో చనిపోయిన పెద్ది శంకర్‌ది కూడా బెల్లంపల్లే. 2025 అక్టోబరులో లొంగిపోయిన బండి ప్రకాశ్‌ది మందమర్రి. గోదావరికి అటూ ఇటూ వంద కిలోమీటర్ల మేర నేల నుంచి ఇంతమంది మగ నాయకులు వచ్చారు. ఇదే నేల నుంచి అంతే స్థాయిలో వచ్చిన స్త్రీల పేర్లు చెప్పమంటే మనకు ఎందుకు తడుముకోవాల్సి వస్తుంది? ఆడవాళ్లకు చైతన్యం లేకనా? గోదావరిఖని క్వార్టర్ల మధ్య పెరిగిన నేను ఆ జవాబు ఒప్పుకోను.

బొగ్గుగనిని మా వైపు ‘బాయి’ అంటారు. బాయికి పోయేది మగవాడు. అది ఆచారమే కాదు, చట్టం కూడా. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం భూగర్భంలో ఆడవాళ్లు పనిచేయకూడదు. అంతకు ముందు సంగతి వేరు. బ్రిటిష్ ఇండియా బొగ్గుగనుల్లో భర్త బొగ్గు తవ్వితే భార్య తట్టతో మోసేది. 1929లో మొదలుపెట్టి 1937 నాటికి ఆడవాళ్లను భూగర్భం నుంచి పూర్తిగా బయటికి పంపారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు చాలక 1943లో బెంగాల్, బీహార్ వంటిచోట్ల ఆ నిషేధం ఎత్తేశారు. యుద్ధం అయిపోగానే 1946లో మళ్లీ పెట్టారు. యుద్ధం వచ్చినప్పుడు తలుపు తీయడం, పోగానే వేసేయడం. మళ్లీ ఆడవాళ్లు భూగర్భంలోకి దిగొచ్చని కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 2019లో. అప్పటికి సింగరేణిలో భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి.

ఈ చట్టానికీ విప్లవ నాయకత్వానికీ ఏమిటి సంబంధం అంటారేమో. చాలా ఉంది. బాయిలోకి దిగినవాడికే మస్టర్. మస్టర్ ఉన్నవాడికే సంఘం. సంఘంలో నోరు విప్పినవాడే గేట్ మీటింగ్‌లో మాట్లాడతాడు. గేట్ మీటింగ్‌లో మాట్లాడినవాడి మీదే కేసులు పడతాయి, అతనే అజ్ఞాతంలోకి పోతాడు. ఇరవై ఏళ్లకు అతనే కమిటీ సభ్యుడవుతాడు. నాయకత్వానికి వేసిన ఈ నిచ్చెన మొదటి మెట్టు బాయి మూతి దగ్గర ఉంది. అక్కడ ఆడమనిషికి ప్రవేశం లేదు. పార్టీ ఆడవాళ్లను వద్దనాల్సిన అవసరమే రాలేదు. ఆ పని కంపెనీ, చట్టం కలిసి ముందే చేసి పెట్టాయి. పార్టీ ఆ నిచ్చెనను ఉన్నదున్నట్టు వాడుకుంది.

1981 సమ్మెనే తీసుకోండి. ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసే పద్ధతికి ఎదురు తిరిగి సింగరేణి కార్మికులు 56 రోజులు పని ఆపారు. సింగరేణి కార్మిక సమాఖ్య, జనం నోట్లో ‘సికాస’, ఆ సమ్మెలోంచే నిలబడింది. ఆ 56 రోజుల మీద వచ్చిన రాతల్లో సమ్మె ఎట్లా మొదలైంది, పాత సంఘాలు ఎట్లా వెనక్కి తగ్గాయి, ఎవరు నడిపారు అన్నది ఉంటుంది. 56 రోజులు జీతం రాని ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో ఉండదు. కిరాణా షావుకారు దగ్గర నిలబడి ఇంకో వారం ఖాతా అడిగింది ఎవరు? తల్లిగారింటికి పోయి బియ్యం తెచ్చింది ఎవరు? ‘ఇగ బాయికి పో’ అనకుండా నోరు కట్టుకున్నది ఎవరు? సమ్మె గెలవాలంటే గేటు దగ్గర ఎంత క్రమశిక్షణ కావాలో ఇంట్లోనూ అంతే కావాలి. ఒకటి నాయకత్వం అయింది, రెండోది ఓపిక అయింది.

సారా పోరాటం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. తాగుడు బొగ్గు కాలనీల్లో ఆడవాళ్ల మొదటి సమస్య. జీతాల రోజు ఎట్లా గడుస్తుందో మా కాలనీల్లో పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో ఉత్తర తెలంగాణలో పీపుల్స్‌వార్ సారాను బంద్ పెట్టింది, సింగరేణిలో సికాస ఆ పని చేసింది. దుకాణాలు మూతబడ్డాయి, ఆడవాళ్లు సంతోషించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఇంకో సారా పోరాటం లేచింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. ఈ రెండింటిలో దూబగుంట రోశమ్మ పేరు మనకు తెలుసు, అక్షరదీపం బడిలో వయోజన స్త్రీలు చదివిన పాఠం సంగతీ తెలుసు. బొగ్గు కాలనీల్లో ఒక్క పేరు తెలియదు. ఇక్కడ జనం చెప్పుకునేది ‘అన్నలు బంద్ పెట్టిండ్రు’ అని. ఆడవాళ్లు అడిగితేనే, తిరగబడితేనే, ఫలానా దుకాణం వెనక దొడ్డిలో అమ్ముతున్నారని చెబితేనే ఆ బంద్ నిలబడింది. కానీ అది ఆదేశంగా గుర్తుండిపోయింది. నెల్లూరులో తుపాకీ లేదు కాబట్టి ఆడవాళ్లు కనబడ్డారు. ఇక్కడ తుపాకీ అడ్డం నిలబడింది. ఈ మాట కటువుగా ఉందని తెలుసు, అయినా వెనక్కి తీసుకోను.

1992లో ప్రభుత్వం పీపుల్స్‌వార్‌తో పాటు సికాస వంటి సంఘాలన్నిటినీ నిషేధించింది. బహిరంగంగా గేట్ మీటింగ్ పెట్టే దారి మూసుకుపోయింది. ఎన్‌కౌంటర్లు పెరిగాయి. 2000 డిసెంబరులో పార్టీ గెరిల్లా సైన్యాన్ని ఏర్పాటు చేసుకుంది. నాయకుడి కొలత ఇక్కడే మారిపోయింది. గణపతి బడిపంతులుగా పనిచేసిన మనిషి. 2018లో ఆయన స్థానంలోకి వచ్చిన నంబాల కేశవరావు, బసవరాజు, వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన వ్యక్తి, అంతకు ముందు కేంద్ర సైనిక కమిషన్ బాధ్యుడు. 2025 మేలో అబూజ్‌మడ్‌లో ఆయన చనిపోయినప్పుడు రాసినవాళ్లందరూ, మెచ్చినవాళ్లూ తిట్టినవాళ్లూ కూడా, ఆయన్ని వ్యూహకర్తగానే రాశారు. సమ్మె నడిపినవాడు నాయకుడైన కాలం పోయి దాడి నడిపినవాడు నాయకుడైన కాలం వచ్చింది.

విచిత్రం ఏమిటంటే ఈ కాలంలోనే ఆడవాళ్ల సంఖ్య పెరిగింది. బాయి మూతి దగ్గర ఆగిపోయిన ఆడమనిషిని దళం ఆపలేదు. 2010 ప్రాంతంలో దండకారణ్యం వెళ్లివచ్చినవాళ్లు గెరిల్లాల్లో నలభై శాతానికి పైగా స్త్రీలేనని రాశారు. అయితే సంఖ్య పెరిగినంత వేగంగా నిర్ణయాధికారం రాలేదు. కేంద్ర కమిటీలో స్త్రీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఒకరు అనూరాధా గాంధీ. 2006లో స్త్రీవాద సిద్ధాంత ధోరణుల మీద పెద్ద వ్యాసం రాసిన మనిషి. 2007 కాంగ్రెస్‌లో కేంద్ర కమిటీకి ఎన్నికయ్యారు. జార్ఖండ్‌లో ఆదివాసీ స్త్రీలకు తరగతులు చెప్పి వచ్చాక మలేరియాతో 2008 ఏప్రిల్‌లో చనిపోయారు. ఆమె స్త్రీవాదం మీద చేసిన విమర్శతో నాకు చాలా పేచీలున్నాయి. మధ్యతరగతి వాదం అని ఆమె కొట్టిపారేసిన వాటిలో మన పని కూడా ఉంది. కానీ పార్టీ లోపల పితృస్వామ్యం గురించి పాఠం చెప్పడమే తన పని అనుకున్న నాయకురాలు ఆమె. ఆ తర్వాత ఆ పాఠం ఎవరు చెప్పారో మనకు వినబడలేదు.

2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలకు అడవి నుంచి ఐదుగురు ప్రతినిధులు వచ్చారు. రామకృష్ణ, సుధాకర్, గణేష్, జనశక్తి నుంచి అమర్, రియాజ్. మంజీరా అతిథి గృహం ముందు జనం, పూలు, కెమెరాలు. యుద్ధం చేసే రెండు పక్షాలు ఎదురెదురుగా కూర్చోవడం ఈ రాష్ట్రంలో అదే మొదటిసారి. చర్చల్లో ప్రజాస్వామిక హక్కులు, భూమి అన్నీ వచ్చాయి. ఆ ఐదుగురిలో ఒక్క స్త్రీ లేదు. ఆ రోజుల్లో శాంతి కోసం ఆరాటపడుతున్న మనం, చర్చలు చెడిపోతాయేమోనన్న భయంతో, ఈ ప్రశ్నను పెద్దగా అడగలేదు. 2005లో చర్చలూ లేవు, కాల్పుల విరమణా లేదు, నిషేధం మళ్లీ వచ్చింది.

నేపాల్‌లో ఇదే జరిగింది, కాకపోతే అక్కడ ఒక స్త్రీ లోపల ఉండి రాసింది. నేపాల్ మావోయిస్టు పార్టీ కేంద్ర నాయకత్వంలో ఉన్న హిసిలా యమి ‘పార్వతి’ పేరుతో యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే స్త్రీల నాయకత్వం గురించి వ్యాసాలు రాసింది. ప్రాణం ఇవ్వడానికి పనికొచ్చిన స్త్రీలు విధానం చెప్పడానికి ఎందుకు పనికిరావడం లేదన్నది ఆమె ప్రశ్న సారాంశం. యుద్ధం ముగిశాక ఐక్యరాజ్యసమితి లెక్క తేల్చిన 19,602 మంది గెరిల్లాల్లో 3,846 మంది స్త్రీలు. 2006 నవంబరులో శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టింది ఇద్దరు మగవాళ్లు. ఇంతా చెప్పి, ఆ హిసిలా యమిని మన దగ్గర పరిచయం చేసేటప్పుడు బాబూరాం భట్టరాయ్ భార్య అనకుండా ఉండలేకపోతున్నాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. యుద్ధమే వద్దనే మనం సైనిక కమిషన్‌లో స్త్రీల వాటా ఎందుకు అడగాలి? ఐదుగురిలో ఇద్దరు స్త్రీలుంటే ఆ చంపడాలు న్యాయమయ్యేవా? ఈ ప్రశ్నకు తప్పించుకునే జవాబు చెప్పకూడదు. వాటా నాకక్కర్లేదు. తుపాకీ పట్టిన స్త్రీని చూసి పొంగిపోయే కవిత్వం మన పత్రికల్లోనూ చాలా వచ్చింది. ఆ పొంగులో ఆ స్త్రీ ఏమనుకుంటుందో వినబడలేదు. నేను అడుగుతున్నది, విభజన అయిన సమాజంలో నాయకత్వం అంటే ఏ పని అని. చంపగలగడం, చంపించగలగడం, చంపడం ఆపమని ఆదేశించగలగడం, ఈ మూడే నాయకత్వమైతే మిగిలిన పనిని ఏమని పిలుద్దాం?

ఈ ప్రశ్నతో మూడు పుస్తకాల దగ్గరికి మళ్లీ వెళ్లాను.

1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మనందరికీ బడి. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ గొంతుతో చెప్పుకున్న చరిత్ర. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక స్త్రీలను ఇళ్లకు పొమ్మన్న సంగతి ఈ పుస్తకం వల్లే మన చర్చల్లోకి వచ్చింది. దీన్ని మనం స్త్రీల బాధల పుస్తకంగా ఎక్కువ చదివాం. నాయకత్వ శాస్త్రంగా తక్కువ చదివాం. డెన్ నడిపిన స్త్రీ, కొరియర్‌గా తిరిగిన స్త్రీ ఏయే నిర్ణయాలు సొంతంగా తీసుకున్నారో వెతుకుతూ చదివితే ఇంకో పుస్తకం కనిపిస్తుంది. ఎవరిని ఇంట్లోకి రానివ్వాలి, ఎవరిని అనుమానించాలి, పసిబిడ్డ ఏడిస్తే ఏం చేయాలి. ఏ సైనిక పాఠంలోనూ లేని నిర్ణయాలవి.

మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చింది. విమల, కాత్యాయని ఆమె చెప్పగా అక్షరబద్ధం చేశారు. ఆమె నిజంగానే దళ నాయకురాలు. ‘రాజక్క’ పేరుతో గోదావరి అడవుల్లో తిరిగింది, తల మీద వెల ఉంది, తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే. ఆమెను ఎవరూ ఫలానా వారి భార్య అనలేదు కదా అంటారు. నిజమే, కానీ భీమిరెడ్డి నరసింహారెడ్డి చెల్లెలు అనే పరిచయం ఆమెను చివరిదాకా వదల్లేదు. నాకు ఈ పుస్తకంలో ఎక్కువ విలువైనవి తుపాకీ పేజీలు కావు. పదేళ్ల వయసులో ఇంటి వడ్లు కూలీలకు పంచిన పిల్లకు, ఆ పని చేయనిచ్చిన తల్లి చొక్కమ్మకు మధ్య ఉన్న సంబంధం. దొర ఇంట్లో కూతురికి అంత చోటు ఇచ్చిన ఆ తల్లి గురించి ఇంకో పుస్తకం రావాల్సింది.

ఇక ‘నిర్జన వారధి’. 2012లో కొండపల్లి కోటేశ్వరమ్మ గారు రాసుకున్న ఆత్మకథ. 1980 ఏప్రిల్‌లో పీపుల్స్‌వార్‌ను స్థాపించిన కొండపల్లి సీతారామయ్య ఆమె భర్త. నేను కూడా ఆయన పేరుతోనే పరిచయం చేశాను చూడండి, ఈ అలవాటు అంత లోతుగా ఉంది. బాలవితంతువు, పునర్వివాహం, పార్టీ పని, పాటలు, బుర్రకథలు, అజ్ఞాతవాసం, ఆ తర్వాత భర్త వదిలి వెళ్లిపోవడం, పెద్ద వయసులో చదువు, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌లో మేట్రన్ ఉద్యోగం. కొడుకు చందు పోయాడు. అల్లుడు, ఆ తర్వాత కూతురు కరుణ పోయారు. మనవరాళ్లను పెంచింది. సమీక్షకులు దీన్ని సహనం, త్యాగం అని మెచ్చుకున్నారు. ఆమె సహనశీలి కావొచ్చు, కానీ పుస్తకం సహనం గురించి కాదు. ఒక రాజకీయ నాయకుడు రాష్ట్రాన్ని కదిలించే పార్టీ కట్టగలడు, తన ఇంట్లో చేసిన అన్యాయానికి జవాబు చెప్పాల్సిన అవసరం అతనికి ఏ కమిటీ ముందూ రాలేదు. క్రమశిక్షణ కమిటీలు, ఆత్మవిమర్శ సమావేశాలు ఇన్ని ఉన్న పార్టీల్లో ఇది ఎందుకు ఎజెండా కాలేదు? కోటేశ్వరమ్మ ఈ ప్రశ్నను గట్టిగా అడగరు. జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటారు. తీర్పు చెప్పకపోవడం వల్లే ఆ పుస్తకం తీర్పు కన్నా బరువుగా ఉంది. పీపుల్స్‌వార్ చరిత్ర రాసేవాళ్లు సీతారామయ్య పత్రాలతో పాటు దీన్నీ మూలంగా తీసుకోవాలి. ఇప్పటిదాకా తీసుకున్నట్టు లేదు.

మళ్లీ మా వైపు వస్తాను. పెద్దపల్లిలో మల్లోజుల మధురమ్మ 2022లో చనిపోయారు. ఇద్దరు కొడుకులు అడవిలో ఉన్న తల్లి. ఆమె మీద వచ్చిన వార్తలన్నీ తల్లి కడుపుకోత గురించే. ఆమె రాజకీయంగా ఏమనుకుంది? కొడుకులు ఎంచుకున్న దారి గురించి ఆమె అభిప్రాయం ఏమిటి? అడిగినవాళ్లు తక్కువ. 2002లో అమరుల బంధుమిత్రుల సంఘం ఏర్పడ్డాక ఇట్లాంటి తల్లులు, చెల్లెళ్లు, భార్యలు ఒక సంఘంగా కదిలారు. ఎక్కడో ఛత్తీస్‌గఢ్ ఆస్పత్రి మార్చురీలో గుర్తుపట్టలేకుండా ఉన్న శవం కోసం వెళ్లడం, పోలీసులతో వాదించడం, కోర్టులో పిటిషన్ వేయడం, బండి మాట్లాడి శవాన్ని ఊరికి తేవడం. భాష రాని చోట, డబ్బులేని చోట, భయం ఉన్న చోట. ఇది సంస్థ నడపడం కాదా? శత్రువు అనుకున్న అధికారితో బేరం ఆడి, చెప్పించుకోవాల్సింది చెప్పించుకుని, తెచ్చుకోవాల్సింది తెచ్చుకోవడం రాజకీయం కాదా? ‘శోకమూర్తులు’ అని రాసి ముగించేస్తున్నాం.

శవాలు ఒక వైపే లేవు. పీపుల్స్‌వార్ చంపినవాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లున్నారు. 1999 ఏప్రిల్‌లో మాజీ స్పీకర్ శ్రీపాదరావును మంథని ప్రాంతంలో చంపారు. ఆ ఏడాదే ఆయన కొడుకు శ్రీధర్‌బాబు ఎమ్మెల్యే అయ్యారు. నాయకత్వం కొడుక్కు వెళ్లడం ఎవరికీ ఆశ్చర్యం అనిపించలేదు. బాయిలో తండ్రి ‘అన్‌ఫిట్’ అయితే ఉద్యోగం కొడుకుకో అల్లుడికో వెళ్లే ఊళ్లలో ఎందుకు అనిపిస్తుంది? కార్మిక సంఘాల్లో స్త్రీ నాయకత్వం వచ్చినప్పుడు కూడా అదే దారిలో వచ్చింది. తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘానికి కల్వకుంట్ల కవిత చాలాకాలం గౌరవాధ్యక్షురాలు. బాయి మూతి దాటలేని వేల స్త్రీలున్న చోట ఒక ముఖ్యమంత్రి కూతురు గనికార్మికుల నాయకురాలయ్యారు. 2025లో ఆ స్థానంలోకి కొప్పుల ఈశ్వర్ వచ్చారు. ఆమె సమర్థతను నేను తక్కువ చేయడం లేదు. తలుపు ఎవరికి, ఏ చుట్టరికంతో తెరుచుకుంటుందో చూడమంటున్నాను.

పేరున్నవాళ్ల సంగతి ఇది. పేరు లేని కానిస్టేబుల్ భార్య, ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి చంపిన మనిషి భార్య, వీళ్ల గురించి మన సాహిత్యంలో ఏముంది? కొన్ని కథలు. విప్లవ సాహిత్యం వీళ్లను చూడదలచుకోలేదు. మనం కూడా, ఎవరి పక్షాన మాట్లాడుతున్నావని అడుగుతారన్న జంకుతో, అటు వెళ్లలేదు. ఇన్‌ఫార్మర్ భార్య ఊళ్లో ఎట్లా బతికిందో రాయడం పోలీసుల పక్షం వహించడం కాదు. అది రాయకపోతే ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే మాటకు మనం సగం అర్థమే ఇచ్చినట్టు.

2025 అక్టోబరులో వేణుగోపాల్ గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాక పెద్ద చర్చ నడిచింది. ద్రోహం అన్నవాళ్లున్నారు, వివేకం అన్నవాళ్లున్నారు. యుద్ధం ఎప్పుడు ఆపాలి, ఎవరు ఆపాలి అన్న చర్చ అది. ఆయన కన్నా ముందే, అదే ఏడాది మొదటి రోజున, ఆయన భార్య, దండకారణ్యంలో దశాబ్దాలు పనిచేసిన తారక్క లొంగిపోయారు. సుజాత ఆయన కన్నా నెల ముందు బయటికొచ్చారు. ఇద్దరు స్త్రీలు ముందే తీసుకున్న నిర్ణయం అనారోగ్యంగా, అలసటగా నమోదైంది. మగవాడు అదే నిర్ణయం తీసుకుంటే రాజకీయ పంథా అయింది, దాని మీద వ్యాసాలు, ప్రతివ్యాసాలు వచ్చాయి. వాళ్లకు నిజంగానే ఆరోగ్యం బాగాలేకపోవచ్చు. అయినా నలభై ఏళ్లు యుద్ధంలో ఉన్న స్త్రీకి ఆ యుద్ధం గురించి ఒక అంచనా ఉండదా? ఎవరైనా రికార్డర్ పట్టుకుని వెళ్లి కూర్చోవాలి. స్త్రీ శక్తి సంఘటన సాయుధ పోరాటం ముగిసిన ముప్పై ఏళ్లకు వెళ్లింది. ఈసారి అంత ఆలస్యం చేస్తే మాట్లాడడానికి ఎవరూ మిగలరు.

వాళ్లు రాసింది కొంత మన చేతికి వచ్చింది కూడా. అజ్ఞాత రచయిత్రుల కథలు ‘వియ్యుక్క’ పేరుతో సంపుటాలుగా వచ్చాయి. గోండీలో వియ్యుక్క అంటే వేగుచుక్క. వాటి మీద మన విమర్శకులు రాసింది తక్కువ. కథలన్నీ గొప్పవని అనను. కొన్నిటిలో కరపత్రం కథను మింగేసింది. పార్టీ తప్పు అనిపించినచోట కథ హఠాత్తుగా ఆగిపోవడం, ముగింపులో ఎవరో నాయకుడు వచ్చి సర్దిచెప్పడం నన్ను విసిగించాయి. కానీ మంచి కథల్లో కాపలా, వంట, నెలసరి, నడక, చదువు రానివాళ్లకు అక్షరాలు దిద్దించడం, పెళ్లి, పిల్లలు వద్దనుకోవడం, ఇవన్నీ యుద్ధం లోపలి నుంచి కనిపిస్తాయి. ఇట్లా రాసినవాళ్లలో ఒకరు ‘మిడ్కో’. కడవెండిలో పుట్టిన గుముడవెల్లి రేణుక. తిరుపతిలో లా చదివి, మహిళా సంఘంలో పనిచేసి, అడవికి వెళ్లి అక్కడి పత్రికా పని చూసిన మనిషి. 2025 మార్చి 31న దంతెవాడ వైపు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు వార్తల్లో ఆమె భర్త పేరు కూడా వెతికి వేశారు.

‘వియ్యుక్క’లో చాలా పేర్లు మారు పేర్లే. కొన్ని పేర్ల వెనక ఎవరున్నారో ఇప్పటికీ మనకు తెలియదు. ఎవరి భార్యో, ఎవరి చెల్లెలో, ఏ కమిటీలో ఉందో, ఇంకా బతికే ఉందో లేదో తెలియదు. పరిచయం రాయడానికి ఏ చుట్టరికమూ దొరకదు. కథ ఒక్కటే చేతిలో ఉంటుంది, దాన్నే చదవాలి.